కట్టు విప్పాక మణికట్టు ఎందుకు వంగదు?

అమ్మగారు బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగింది, 6 వారాలకు సిమెంటు కట్టు తీసినా చెయ్యి వంగట్లేదు, ఎముక సరిగ్గా అతకలేదా అని అడిగారు.

ఎక్స్‌రే చూసి డాక్టర్ అతికిందన్నారంటే టెన్షన్ వద్దు. ఎముక అతికింది, కీలే బిగుసుకుపోయింది. అన్ని వారాలు కదలకపోతే కీలు చుట్టూ ఉండే పొర బిగుస్తుంది, కండ సన్నబడుతుంది.

గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టి అందులోనే పైకీ కిందికీ వంచమనండి. ఒకేసారి గంటసేపు చేసేకన్నా రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా చేస్తే మేలు. బాగా మొండికేసేది అరచెయ్యి పైకి తిప్పడం, అంటే గుళ్లో తీర్థం పట్టే తీరు. మోచేతిని నడుముకు ఆనించే తిప్పాలి. లేదంటే భుజం తిరుగుతుంది, మనమేమో చెయ్యి తిరిగిందని మురిసిపోతాం! చపాతీ పిండి మెల్లగా పిసకడం పిడికిలికి మంచిదే. నీళ్ల బిందె మాత్రం డాక్టర్ సరేననేదాకా ఎత్తనివ్వకండి.

చేసేటప్పుడు కాస్త లాగినట్టు ఉండటం మామూలే. మర్నాటికి వాపు పెరిగితే తగ్గించండి. నూనె రాసి ఎవరిచేతో బలంగా లాగించడం వద్దే వద్దు. చర్మం నిగనిగలాడుతూ, మంటపుడుతూ, తాకనివ్వనంత నొప్పి ఉంటే వెంటనే డాక్టర్‌కు చూపించండి. అది వట్టి బిగుతు కాకపోవచ్చు.