అమెరికా స్టేట్ యూనివర్సిటీ ప్రెసిడెంట్: మెట్లెన్ని, జారేదెక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరింది. ఎప్పటికైనా ప్రెసిడెంట్ అవుతానంటోంది. ఎన్నేళ్లు పడుతుంది? ఏయే మెట్లు ఎక్కాలి?

జవాబు: మొదటి ఆరేళ్లూ ఆ ఊసే వద్దనండి. సాధారణంగా ఆరో ఏట టెన్యూర్ (అంటే ఉద్యోగం శాశ్వతం చేయడం) పరిశీలన జరుగుతుంది. గట్టెక్కితే అసోసియేట్ ప్రొఫెసర్, లేదంటే మరో ఏడాదిలో వేరే చోటు వెతుక్కోవాలి. ఇంకో ఐదారేళ్లకు ఫుల్ ప్రొఫెసర్. ఇంతవరకూ పరిశోధన, పాఠం ఉంటే చాలు. ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ ఛైర్, అసోసియేట్ డీన్, డీన్, ప్రొవోస్ట్, ఆపైన ప్రెసిడెంట్. డీన్ అంటే యూనివర్సిటీలోని ఒక కాలేజీకి పెద్ద, ప్రొవోస్ట్ అంటే చదువుల వ్యవహారాలన్నీ చూసే రెండో స్థానం.

చాలామంది తడబడేది మొదట్లోనే. ఎవరో బతిమాలారని అసోసియేట్‌గా ఉండగానే ఛైర్ పని నెత్తినేసుకుంటారు. పేపర్లు ఆగుతాయి, ఫుల్ ప్రొఫెసర్ ప్రమోషన్ ఆగుతుంది. డీన్ ఉద్యోగ ప్రకటనల్లో ‘ఫుల్ ప్రొఫెసర్‌గా టెన్యూర్ పొందే అర్హత’ అని రాయడం మామూలే, కాబట్టి ఆ లోటు పదేళ్ల తర్వాత కూడా అడ్డొస్తుంది.

అసలు మలుపు డీన్ పదవి. ఛైర్ చేతిలోని డబ్బు దాదాపుగా జీతాలకే సరి. ఖాళీ అయిన పోస్టు ఏ విభాగానికివ్వాలి, ఏ కోర్సు ఆపాలి, దాతను ఎంత అడగాలి అన్నవి డీన్ తేల్చాలి. ప్రెసిడెంట్ ఎంపికలో తరచి తరచి అడిగేవీ ఇవే. అందుకే డీన్‌గా ఉన్నన్నాళ్లూ అంకెలు రాసి పెట్టుకోవాలి: చేరేనాటికి బడ్జెట్ ఎంత, దిగేనాటికి ఎంత, విరాళాలెన్ని, చేరిన విద్యార్థుల్లో ఎందరు పట్టా పుచ్చుకున్నారు.

విశాఖలో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన నీలి బెండపూడి గారి దారి చూడండి. కేన్సస్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ, ఒహాయో స్టేట్‌లో ప్రొఫెసర్, మధ్యలో కొన్నాళ్లు బ్యాంకులో పెద్ద ఉద్యోగం. 2011లో కేన్సస్ బిజినెస్ స్కూల్ డీన్, 2016లో అక్కడే ప్రొవోస్ట్, 2018లో లూయీవిల్ యూనివర్సిటీ ప్రెసిడెంట్, 2022లో పెన్ స్టేట్ ప్రెసిడెంట్. డీన్ నుంచి ప్రెసిడెంట్‌కి ఏడేళ్లంటే వేగమే. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 2023లో వెలువరించిన సర్వేలో ప్రెసిడెంట్ల సగటు వయసు 60. మీ అమ్మాయికి తొందరేం లేదు.

ప్రశ్న: కొన్నిచోట్ల ప్రెసిడెంట్ అంటారు, కొన్నిచోట్ల ఛాన్సలర్ అంటారు. ఎవరు పెద్ద?

జవాబు: పేరును బట్టి చెప్పలేం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో మొత్తం వ్యవస్థకు ప్రెసిడెంట్, ఒక్కో క్యాంపస్‌కు ఛాన్సలర్. అదే రాష్ట్రంలోని మరో వ్యవస్థ కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో సరిగ్గా తలకిందులు. దరఖాస్తు పెట్టేముందు ఆ పదవి ఎవరికి జవాబుదారీయో చూసుకోండి.

ప్రశ్న: నియమించేదెవరు? గవర్నరా?

జవాబు: బోర్డు. రీజెంట్లు, ట్రస్టీలు, విజిటర్లు అని రకరకాల పేర్లు. ఆ బోర్డును ఎవరు కూర్చోబెడతారన్నదే కీలకం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో 26 మంది రీజెంట్లలో 18 మందిని గవర్నరే 12 ఏళ్లకు నియమిస్తారు. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో ఎనిమిది మంది రీజెంట్లను రాష్ట్ర ఓటర్లు ఎన్నుకుంటారు. ఫ్లోరిడాలో రెండంచెలు: 2025లో యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా ట్రస్టీలు ఏకగ్రీవంగా ఎంచుకున్న సాంటా ఓనోను రాష్ట్ర స్థాయిలోని పై బోర్డు 10–6 ఓట్లతో తిరస్కరించింది. ఆయన అప్పటికే మిషిగన్ ప్రెసిడెంట్ పదవి వదిలేశారు. చివరి ఓటు పడేదాకా చేతిలో ఉన్న ఉద్యోగం వదలకూడదన్నమాట.

ప్రశ్న: నేను డీన్‌ని. దరఖాస్తు చేసినట్టు బయటికి పొక్కితే ఇక్కడ ఇబ్బంది. ఎంపిక ఎలా సాగుతుంది?

జవాబు: బోర్డు సభ్యులు, అధ్యాపకులు, విద్యార్థులు, పూర్వ విద్యార్థులతో ఒక కమిటీ వేస్తారు. వెంట అభ్యర్థులను వెతికిపెట్టే ఒక సెర్చ్ సంస్థ ఉంటుంది. దరఖాస్తు పంపేముందు ఆ సంస్థ కన్సల్టెంట్‌తో అరగంట ఫోన్లో మాట్లాడండి. ప్రకటనలో రాయని సంగతులు, అంటే లోటు బడ్జెట్, బోర్డులో చీలికలు, లోపలి అభ్యర్థి ఉన్నారా లేదా అన్నవి అక్కడే కొంత తెలుస్తాయి.

ఇక దరఖాస్తు ఉత్తరం మూడు నాలుగు పేజీలు చాలు. పేరు మార్చి పది చోట్లకు పంపిన ఉత్తరాన్ని కమిటీ మొదటి పేరాలోనే పసిగడుతుంది. ఆ రాష్ట్ర శాసనసభ ఇచ్చే నిధులు, ఆ యూనివర్సిటీ విద్యార్థుల సంఖ్య ఎటు పోతున్నాయో చదివాకే రాయండి. తర్వాత ఎనిమిది పదిమందిని ఏ విమానాశ్రయం పక్క హోటల్‌కో రప్పించి, ఒక్కొక్కరితో గంటా గంటంబావు మాట్లాడతారు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సెమినార్‌లా పావుగంట జవాబు చెబితే పన్నెండు ప్రశ్నల్లో ఐదు కూడా పూర్తికావు. రెండు మూడు నిమిషాలకు ఆపడం సాధన చేయండి.

గుట్టు విషయం రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది. టెక్సాస్‌లో నియామకానికి 21 రోజుల ముందు తుది అభ్యర్థుల పేర్లు ప్రకటించాలి. దానికి తగ్గట్టు చాలాసార్లు ఒక్క పేరే ప్రకటిస్తారు. ముగ్గురు నలుగురిని క్యాంపస్‌కు పిలిచి బహిరంగ సభలు పెట్టే చోట దాగదు. ఆ జాబితాలోకి చేరే ముందురోజే మీ ప్రొవోస్ట్‌కు మీరే చెప్పండి.

ప్రశ్న: రాజకీయ నాయకులు కూడా ప్రెసిడెంట్లు అవుతున్నారు కదా, ఈ మెట్లన్నీ దేనికి?

జవాబు: అవుతున్నారు. ఇండియానా గవర్నర్‌గా చేసిన మిచ్ డేనియల్స్ 2013 నుంచి 2022 వరకూ పర్డ్యూ యూనివర్సిటీ ప్రెసిడెంట్. ఆ దారి అప్పటికే గవర్నరైనవాళ్లకు. ప్రొఫెసర్లకు అది ప్రత్యామ్నాయం కాదు.

ప్రశ్న: ఆఫర్ వస్తే కాంట్రాక్టులో ఏం చూసుకోవాలి?

జవాబు: జీతం, ఇల్లు, కారు ఎలాగూ చూస్తారు. నేనైతే ముందు మూడు చదువుతాను. ఏ కారణంతో తీసేయొచ్చు, కారణం లేకుండా తీసేస్తే ఎన్ని నెలల జీతం ఇస్తారు, దిగిపోయాక టెన్యూర్ ఉన్న ప్రొఫెసర్‌గా ఏ డిపార్ట్‌మెంట్‌లో, ఏ జీతానికి చేరొచ్చు. అధ్యాపకుల అవిశ్వాస తీర్మానం ప్రెసిడెంట్‌ని నేరుగా దింపలేదు, దింపేది బోర్డే. మొదటి జవాబులో చెప్పిన 2023 సర్వే నాటికి ప్రెసిడెంట్లు ఆ కుర్చీలో గడిపిన కాలం సగటున 5.9 ఏళ్లు, 2006లో అది 8.5. ప్రొఫెసర్ పదవికి తిరిగొచ్చే హక్కు నోటిమాటగా వద్దు, డిపార్ట్‌మెంట్ పేరుతో సహా కాగితం మీద ఉండాలి. చదవడానికి యూనివర్సిటీ లాయర్ కాదు, మీ డబ్బుతో మీరు పెట్టుకున్న లాయర్ కావాలి.