గాలి కొట్టే స్థలంలో పళ్ళ మొక్కలా? ముందు ఆ తాడు విప్పండి

"స్థలం బట్టబయలుగా ఉంది, రోజంతా గాలే, చిన్న పళ్ళ చెట్లు ఏవి వేసుకోవచ్చు?" అని అడిగారు. జామ, సపోటా, దానిమ్మ, రేగు. అడిగినదానికి జవాబు అంతే. కానీ ఏ చెట్టు అన్నది అసలు సమస్యే కాదని నా గట్టి నమ్మకం, అందుకే ఈ సోదంతా.

మాదీ అలాంటి చోటే. చీర ఆరేస్తే రెండిళ్ళ అవతల వెతుక్కోవాలి. మొదటి ఏడాది నర్సరీలోకెల్లా పొడుగాటి జామ అంటు కొన్నాను. 6 అడుగులుంది, అప్పటికే రెండు పిందెలు. "ఈ ఏడే కాపు అమ్మా, మీ చెయ్యి మంచిది" అని అమ్మినాయన నన్ను మునగచెట్టు ఎక్కించాడు. (మునగ కొమ్మ ఎంత పెళుసో తెలుసుగా, మీ స్థలంలో దాని జోలికి వెళ్ళకండి.) గాలికి పడిపోతుందేమోనని లావాటి వెదురు గడ పాతి, పైనా కిందా నైలాన్ తాడుతో బిర్రుగా కట్టాను. తొమ్మిది నెలలు అది కదల్లేదు. నాకదే గర్వం.

ఒక రాత్రి గాలి లేచింది. పొద్దున చూస్తే గడ నిక్షేపంలా ఉంది, చెట్టు మాత్రం సరిగ్గా పై కట్టు దగ్గర పుటుక్కున విరిగి వేలాడుతోంది. మొదలు పట్టుకుని లాగితే ముల్లంగిలా వచ్చేసింది. వేళ్ళు ఇంకా నర్సరీ కవరు ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. పక్కనే కుళాయి దగ్గర, ఎవరో తిని పారేసిన గింజ మొలిచిన జామ మోకాలెత్తున ఊగుతూ ఉంది, దానికేం కాలేదు. మా మామగారు వచ్చి చూశారు. ఏమీ అనలేదు. తాడు విప్పి, చుట్ట చుట్టి, దండేనికి పనికొస్తుందని పట్టుకెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

ఊగితేనే మాను మొదలు దగ్గర లావెక్కుతుంది, వేళ్ళు నేలని పట్టుకుంటాయి. కాబట్టి అడుగు, అడుగున్నర మొక్క కొనండి. చుట్టుకున్న వేళ్ళుంటే విడదీసి నాటండి. కర్ర కావాలంటే మొక్క ఎత్తులో మూడో వంతు దాకానే, పాత గుడ్డపీలికతో వదులుగా కట్టి, ఏడాదికి తీసెయ్యండి. దానిమ్మకైతే అదీ అక్కర్లేదు, మొదట్లోంచి మూడు నాలుగు కాండాలు వదిలేస్తే పొదలా తన్ను తానే కాచుకుంటుంది.

ఇక గోడ కట్టమని సలహా ఇచ్చేవాళ్ళు. మా ఆడపడుచు కట్టించింది. గాలి గోడెక్కి అవతల సుడి తిరుగుతూ దిగబడింది, గోడకి రెండు బారల దూరంలో ఉన్న మొక్కలే ముందు వాలాయి. గాలిని ఆపకూడదు, వడకట్టాలి. సగం గాలి దూరిపోయే కంచె అయితే దాని ఎత్తుకి ఇంచుమించు పది రెట్ల దూరం దాకా జోరు తగ్గుతుంది. నేను వాక్కాయ చెట్లు వరసగా వేశాను. ముళ్ళకి పశువులు రావు, పైగా కాయలొస్తాయి.

ఇంకోటి. ఆకుల అంచులు మాడితే చాలు, ప్రతివాళ్ళూ ఎరువు వెయ్యమంటారు. ముందు మట్టి తడి చూడండి. గాలి ఆకుల్లోంచి తడి లాగేస్తుంది, ఎండ లేని రోజు కూడా. మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు దట్టంగా పరవండి, మానుకి తగలకుండా. పూత బాగా వచ్చి కాయ నిలవకపోయినా గాలిని అనుమానించండి, జోరుగాలిలో తేనెటీగలు బయటికే రావు.

బొప్పాయి వద్దు. కాండం లోపల గుల్ల, కాయలు బరువెక్కాక ఒక్క గాలికి ఒరుగుతుంది. నిమ్మ కూడా వద్దనే చెబుతాను, ఊగినప్పుడు దాని ముళ్ళు దాని కాయలకే గుచ్చుకుంటాయి. నేనైతే ఒకటి వేశాననుకోండి, వంటింటి వెనకాల. గీతలు పడ్డ కాయలైనా పులుపు తగ్గదు.