వంగపండు రంగు సేజ్ ఎందుకు వాడిపోతోంది?

ప్రశ్న: మేడమ్, మా ఆడపడుచు బెంగళూరు నుంచి పర్పుల్ సేజ్ అని, విదేశీ వంటల్లో వాసనకు వేసే ఆకు మొక్క తెచ్చిచ్చింది. తులసి పక్కనే పెట్టి రెండు పూటలా నీళ్లు పోస్తున్నా. వానలు మొదలయ్యాక తల వాల్చేసింది. కింది ఆకుల్లో ఆ వంగపండు రంగు కూడా పోయింది. తెగులా? బతికితే ఆ ఆకుతో ఏం వండుకోవచ్చు?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ముందు ఆ సాయంత్రం నీళ్లు ఆపెయ్యండమ్మా. పొద్దుటివి కూడా. నెల్లూరులో మా మిద్దె మీద నేనూ ఇలాగే రెండు మొక్కల్ని చంపుకున్నా. ఒక నవంబర్‌లో వాయుగుండం పట్టి మూడు రోజులు వాన. నాలుగో రోజు ఎండ రాగానే ఆకులు వేలాడాయి. దాహమేమో అనుకుని ఇంకో చెంబెడు పోశా. మర్నాడు కుండీ బోర్లిస్తే వేర్లు నానిన చింతపండు పీచులా చేతికి అంటుకొచ్చాయి, మురుగు వాసనతో. వేరు కుళ్లాక నీళ్లు లాగలేదు కదా, తడిమట్టిలో ఉండి కూడా మొక్క ఎండకు వాడినట్టే కనిపిస్తుంది.

సేజ్‌ది తులసి కుటుంబమే. కానీ పుట్టిల్లు మధ్యధరా తీరం. అక్కడ రాళ్ల నేల, వాన పడని ఎండాకాలం. మనకేమో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు. మీ కుండీలో నల్లరేగడి ఉంటే మార్చెయ్యండి, అది పట్టిన తడి వదలదు. నేను మట్టి, ముతక పెన్న ఇసుక సగం సగం కలిపి, చివికిన పశువుల ఎరువు గుప్పెడు వేస్తా. కుండీని రెండు ఇటుకల మీద పెడతా. మట్టిలో వేలు దించితే పొడిగా తగిలినప్పుడే నీళ్లు. వానలకు చూరు కిందికి జరపాలి. ఎండాకాలంలో పదింటి దాకా ఎండ చాలు.

కొసలు ఇంకా గట్టిగా ఉంటే ఇవాళే బెత్తెడు ముక్కలు తుంచి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చండి. మూణ్నాలుగు వారాల్లో వేరు పడుతుంది. తల్లి పోయినా పిల్ల మిగులుతుంది. విత్తనం వేస్తే ఈ రంగే వస్తుందని నమ్మకం లేదు.

రంగు పోవడం తెగులు కాదు. చిగురే వంగపండు రంగు, ముదిరితే బూడిద పచ్చ. నీడలో ఇంకా వెలుస్తుంది.

ఇక వంట. వామాకు బజ్జీ వేస్తారుగా, అలాగే శనగపిండిలో ముంచి వేయించండి. ఇటలీలోనూ ఈ ఆకును పిండిలో ముంచి వేయించుకుంటారు. నాకు అంతకన్నా ఇష్టమైనది వెన్నతో. వెన్న కరిగి, నురగ తగ్గి, కమ్మగా గోధుమరంగు తిరిగేటప్పుడు నాలుగు ఆకులు వేస్తా. చిటపట ఆగగానే దించి, ఉడికిన బంగాళాదుంపల మీదో తియ్య గుమ్మడి ముక్కల మీదో పోస్తా. ఆకు అప్పడంలా విరుగుతుంది. రంగు మాత్రం వంకాయ తొక్కలాగే పొయ్యి మీద నిలవదు. కర్పూరం లాంటి ఘాటు, కాబట్టి నలుగురికి ఆరేడు ఆకులు మించొద్దు. కడుపుతో ఉన్నవాళ్లకు దీని కషాయాలు వద్దు.

చేపల పులుసు జోలికి మాత్రం పోకండి. కరివేపాకు లేదని ఒకసారి వేశా. మా ఆయన ఒక ముద్ద తిని, "తలనొప్పి మందు చెయ్యి కడుక్కోకుండా కలిపావా?" అన్నారు.