జాకెట్టు కత్తిరించడం వచ్చినవాళ్లకు గార్మెంట్ క్యాడ్

ఆమదాలవలస నుంచి ఒక తల్లి అడిగారు: ‘నేను ఇంట్లో మిషన్ కుడతాను. మా అమ్మాయి ఐటీఐలో డ్రెస్ మేకింగ్ చేసింది. గార్మెంట్ క్యాడ్ మూడు నెలల్లో నేర్పిస్తాం, ఉద్యోగం గ్యారంటీ అని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 35 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?’

అమ్మా, ఇప్పుడే కట్టకండి. గార్మెంట్ క్యాడ్ అంటే బట్టల ప్యాటర్న్‌లను (కత్తిరించాల్సిన ముక్కల ఆకారాలను) కంప్యూటర్‌లో గీసి, గుడ్డ మీద సర్దే పని. పని మంచిదే, తొందర మాత్రం వద్దు.

80 సెంటీమీటర్ల గుడ్డలో జాకెట్టు తీయాలంటే మీరేం చేస్తారు? ముందు భాగాలు, వీపు, చేతులు పరిచి, అటూ ఇటూ జరిపి, మిగిలిన సందులో పట్టీలు సర్దుతారు. ఫ్యాక్టరీలో దాన్నే మార్కర్ అంటారు. అక్కడ నాలుగైదు సైజుల ముక్కలు కలిపి పరుస్తారు, కింద పదుల పొరల గుడ్డ ఉంటుంది. ఒక గీత తప్పితే అన్ని పొరలూ పాడవుతాయి.

10,000 చొక్కాల ఆర్డర్ అనుకోండి. చొక్కాకు మీటరున్నర చొప్పున 15,000 మీటర్లు. మార్కర్‌లో గుడ్డ వాడకం 82 శాతం నుంచి 84కి పెరిగితే సుమారు 350 మీటర్లు మిగులుతాయి. మీటరు 150 రూపాయలైతే ఒక్క ఆర్డర్‌లోనే 50 వేలు దాటింది. మార్కర్ బాగా వేసేవాళ్లకు విలువ అక్కడే.

ముక్కల్ని సాఫ్ట్‌వేర్ తనంతట తానే సర్దగలదు. కానీ పడుగు ఎటు ఉండాలో, వెల్వెట్ నూగు ఎటు వాలాలో, గళ్లు జేబు దగ్గర ఎలా కలవాలో, ఉతికితే 3 శాతం ముడుచుకుపోయే గుడ్డకు ప్యాటర్న్ ఎంత పెంచాలో మనిషే చెప్పాలి. ఇవి రాకుండా గెర్బర్ ఆక్యుమార్క్, లెక్ట్రా మొడారిస్ లాంటి క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లు ఏవి నేర్చుకున్నా బటన్లు నొక్కడమే వస్తుంది.

అందుకే ముందు అమ్మాయి చేత ఒక చొక్కా ప్యాటర్న్ అట్ట మీద గీయించండి. 38 సైజుది 40, 42, 44కి పెంచమనండి. ఛాతీ చుట్టుకొలత 2 అంగుళాలు పెరిగితే పావు భాగానికి అర అంగుళం. మెడ, భుజం అంతగా పెరగవు, చంక దగ్గర చాలామంది తడబడతారు. గ్రేడింగ్ అంటే ఇదే. మామూలు కంప్యూటర్ దొరికితే వాలెంటీనా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అదే చొక్కా మళ్లీ గీయొచ్చు.

తర్వాత ఇన్‌స్టిట్యూట్‌కి మీరిద్దరూ వెళ్లండి. డిజిటైజర్ బోర్డు (అట్ట ప్యాటర్న్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే బల్ల), ప్లాటర్ (అసలు సైజులో గీసే పెద్ద ప్రింటర్) కళ్లారా చూడండి. తను వేసిన మార్కర్‌ను అసలు సైజులో ప్రింట్ తీసి, గుడ్డ కోసి కుట్టనిస్తారా అని అడగండి. కుట్టనివ్వకపోతే ఆ ఫీజు దండగ. గ్యారంటీ మాట నమ్మే ముందు పాత విద్యార్థులు ఇద్దరితో మాట్లాడండి.

అచ్యుతాపురంలో దుస్తుల ఫ్యాక్టరీలున్న బ్రాండిక్స్ అపెరల్ సిటీ లాంటి చోట మొదట కటింగ్ సెక్షన్‌లో వేస్తే కాదనొద్దు. తప్పు మార్కర్ ఎంత నష్టం తెస్తుందో ఆ కటింగ్ బల్ల దగ్గర తెలిసినంతగా క్లాసులో తెలియదు. ఆరు నెలలు అక్కడ పనిచేసి క్యాడ్ రూమ్‌కి అడిగే అమ్మాయి మాటకు బలం ఉంటుంది.

ఈలోగా మీ దగ్గరికి కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ల కొలతలన్నీ తన చేతే తీయించండి.