వాయిదా పడ్డ పరీక్షకి మీ యాప్‌లో చోటుందా?

చిన్నీ,

మీ కాలేజీ పరీక్షల క్యాలెండర్ యాప్‌కని మీ టీమ్ పంపిన స్క్రీన్లన్నీ చూశాను. రంగులు బాగున్నాయి, నెలంతా ఒక్క చోట కనిపించడమూ బాగుంది, కానీ నీ దగ్గర మొహమాటం ఎందుకు, అది ఫోన్లోకి ఎక్కించిన గోడ క్యాలెండర్. మీ కాలేజీ పిల్లలు పరీక్ష తేదీ అసలే తెలియక యాప్ తెరవరు, తెలిసిన తేదీ ఇంకా అలాగే ఉందా, మారిందా అని తెరుస్తారు. వానలు గట్టిగా పడితే సెలవు, బంద్ అంటే వాయిదా, మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు) వెనక్కి జరిగాయంటూ రాత్రి పూట క్లాస్ గ్రూపులో ఎవరో సర్క్యులర్ ఫోటో పెడతారు, అది ఈ ఏడాదిదా పోయినేడాదిదా అని ఇక తెల్లారేదాకా టెన్షన్. ఆ గొడవ తేల్చగలిగితే మీ యాప్ వాడతారు, లేకపోతే ఎంత అందంగా గీసినా వాట్సాప్ గ్రూపే వాళ్లకి క్యాలెండర్.

కాబట్టి ప్రతి పరీక్షకీ తేదీ ఒక్కటే పెట్టి వదిలేయకండి. ఖరారైందా లేదా, ఏ సర్క్యులర్ ప్రకారం, చివరిసారి ఎప్పుడు మార్చారు, ఇవి కూడా నొక్కగానే కనిపించాలి. సెలవులకీ ఇదే వర్తిస్తుంది, రంజాన్ నెలవంకని బట్టి ఒకరోజు అటూ ఇటూ అవుతుంది కదా. ఇక వాయిదా పడినప్పుడు పాత తేదీ దగ్గరున్నదాన్ని పూర్తిగా తీసేయొద్దు. పాత తేదీ గుర్తున్నవాడు ముందు అక్కడికే వెళ్తాడు, అక్కడ ఖాళీగా కనిపిస్తే యాప్ పనిచేయట్లేదనుకుని బయటికొచ్చేస్తాడు. అదే గడిలో పేరు కొట్టేసి, కింద ‘27కి మారింది’ అని ఉంటే చాలు.

మీ స్క్రీన్లలో నాకు ఎక్కడా కనిపించనిది ఇంకోటి ఉంది: ఈ తేదీలు ఎక్కించేది ఎవరు? అడ్మిన్ అని రాసేసి ఊరుకోకు, ఆ అడ్మిన్ ఎవరో మనిషి పేరు చెప్పు. నన్నడిగితే, సీఆర్, అంటే క్లాస్ ప్రతినిధి, సర్క్యులర్‌తో సహా ఎక్కించాలి, డిపార్ట్‌మెంట్‌లో ఒక సార్ చూసి ఓకే అనేదాకా అది ‘ఇంకా ఖరారు కాలేదు’ అనే చూపించాలి. మీరు నలుగురూ పాసై వెళ్లిపోయాక కూడా నడవాలంటే ఈ ఏర్పాటు ఇప్పుడే ఉండాలి.

నెల గడులు తీసేయమనను కానీ, తెరవగానే కనిపించాల్సింది అవి కాదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల స్క్రీన్ వెడల్పు 360 డీపీ (ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ కొలత) చుట్టుపక్కల ఉంటుంది, ఏడు రోజులకి పంచితే ఒక్కో గడికి 51. వేలితో సరిగ్గా నొక్కాలంటే కనీసం 48 ఉండాలని గూగులే చెబుతుంది. అంటే గడిలో ఒక చుక్క పడుతుంది, ‘సప్లిమెంటరీ’ అన్న మాట పట్టదు. ముందు వరసగా ఈరోజు, రేపు, ఈ వారం అని లిస్టు పెట్టండి, నెల చూడాలనుకున్నవాడు పక్కకి జరిపి చూసుకుంటాడు. తెలుగులో పెడుతున్నారు కాబట్టి లైన్ ఎత్తు కాస్త పెంచండి, లేకపోతే వత్తులు కింద తెగిపోతాయి. పరీక్షకి ఎరుపు, సెలవుకి ఆకుపచ్చ అన్నారు, ఆ రెండూ తేడా తెలియని కళ్లు మీ క్లాసులోనే ఉండొచ్చు, రంగుతోపాటు చిన్న గుర్తు కూడా పెట్టండి.

కోడ్ రాసే అబ్బాయికి ఇది తప్పకుండా చెప్పు. పరీక్ష తేదీని అర్ధరాత్రి టైముతో కలిపి దాచొద్దు. మన టైము యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయం) కంటే ఐదున్నర గంటలు ముందు, కాబట్టి ఇక్కడి మార్చి 14 అర్ధరాత్రి పన్నెండు అంటే అక్కడ మార్చి 13 సాయంత్రం 6.30. జావాస్క్రిప్ట్‌లో దాన్ని టుఐఎస్ఓస్ట్రింగ్‌తో (తేదీని యూటీసీ టైములో రాసిచ్చే ఫంక్షన్) మార్చి, అందులోంచి తేదీ ముక్క కత్తిరిస్తే 14న ఉన్న పరీక్ష 13న కనిపిస్తుంది. తేదీని తేదీగానే, టైము లేకుండా దాచమను, ఎఫ్ఎన్‌యా (ఉదయం పూట) ఏఎన్‌యా (మధ్యాహ్నం పూట) అన్నది వేరే గడిలో ఉంటుంది. ఇంకా, గూగుల్ క్యాలెండర్‌లోకి పంపే సౌకర్యం ఇస్తామన్నారు కదా, దానికి వాడే ఐక్యాలెండర్ పద్ధతిలో ప్రతి ఈవెంట్‌కీ ఒక యూఐడీ, అంటే దానికి మాత్రమే చెందిన గుర్తింపు కోడ్, ఉంటుంది, వాయిదా పడినా ఆ యూఐడీ మారకూడదు. కొత్తది ఇచ్చారంటే ఒకే పరీక్ష రెండు తేదీల్లోనూ కూర్చుంటుంది.

ఇప్పుడు టెస్టింగ్. అసలు పనంతా ఇక్కడే ఉంది, మీ ప్లాన్‌లో మాత్రం చివరి వారంలో ‘ఫీడ్‌బ్యాక్ ఫామ్’ అని ఒక లైను రాసి వదిలేశారు. ఫామ్‌లో అందరూ నాలుగైదు స్టార్లు ఇస్తారు, దానివల్ల మీకు తెలిసేదేమీ ఉండదు. అంతకంటే ఘోరం, జూనియర్లని పిలిచి ఎదురుగా కూర్చుని ‘ఎలా ఉంది’ అని అడగడం. ‘సూపర్ అక్కా’ అనక వాళ్లేమంటారు? సీనియర్ చేసిన దాన్ని బాలేదనే ధైర్యం ఏ ఫస్టియర్ పిల్లకుంటుంది చెప్పు. అందుకని డిజైన్ చేసినవాళ్లు ఆ గదిలో ఉండొద్దు, వాళ్లకి పరిచయం లేని ఎవరినైనా కూర్చోబెట్టండి, ముందే ‘ఇది నేను చేసింది కాదు, తప్పులు వెతకడానికే వచ్చాను’ అని చెప్పించండి.

అడిగే ప్రశ్న కూడా ముఖ్యం. ‘క్యాలెండర్ తెరిచి రెండో మిడ్ చూడు’ అన్నారంటే దారి మీరే చూపించినట్టు. ‘వచ్చే శుక్రవారం ఊరెళ్దామనుకుంటున్నావు, వెళ్లొచ్చా?’ అని అడిగి చూడండి. అప్పుడు తెలుస్తుంది, వేలు ఎక్కడికి వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో, శనివారం ల్యాబ్ ఉన్నట్టు అసలు కంటికి కనిపించిందో లేదో. ‘ఇది నొక్కాలా?’ అని వాళ్లడిగితే ‘నీకేమనిపిస్తోంది?’ అని తిరిగి అడగాలి తప్ప నోరు జారకూడదు. మధ్యలో ఒక పరీక్ష తేదీ సర్వర్‌లో మార్చేసి, మారిందని వాళ్లెప్పుడు గమనించారో చూడండి. స్క్రీన్ రికార్డ్ చేసేముందు అడిగి చేయండి, ఫోన్ మాత్రం వాళ్లదే అయ్యుండాలి. ఫాంట్ పెద్దది పెట్టుకున్నవాళ్లుంటారు, బ్యాటరీ సేవర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచేవాళ్లుంటారు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకి యాప్ విడిగా అనుమతి అడగాలి, తెరవగానే అడిగితే చదవకుండానే వద్దంటారు. మొదటి పరీక్షకి రిమైండర్ పెట్టుకునేటప్పుడు అడగండి.

టెస్టింగ్‌కి ఐదుగురు చాలంటారు కదా అని నువ్వు అడుగుతావని తెలుసు. వాడుకలో సౌలభ్యం మీద పనిచేసే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చెప్పిన ఆ లెక్క, ఒక్కొక్కరి దగ్గర సగటున 31 శాతం సమస్యలు బయటపడతాయన్న అంచనా మీద నిలబడింది, అదీ అందరూ ఒకే రకం వాళ్లయితేనే. మీ వాళ్లు ఒకే రకం కాదు. హాస్టల్ వాళ్లు వేరు, కాలేజీ బస్సులో వచ్చేవాళ్లు వేరు, డిప్లొమా తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా సెకండియర్‌లో చేరినవాళ్లకి మీ ఫస్టియర్ మాటలే తెలియవు. అన్నిటికంటే ముఖ్యంగా, సప్లీలు (తప్పిన సబ్జెక్టులకి మళ్లీ రాసే సప్లిమెంటరీ పరీక్షలు) మిగిలినవాళ్లని పిలవండి. వాళ్లకి ఈ సెమిస్టర్ పరీక్షలతోపాటు పాత సెమిస్టర్‌వీ ఉంటాయి, ఒకేరోజు ఎఫ్ఎన్‌లో ఒకటి, ఏఎన్‌లో ఒకటి కూడా పడొచ్చు. మీ డిజైన్ ‘నీ సెమిస్టర్’ అని ఒక్కటే చూపిస్తోంది, అంటే ఎవరికి క్యాలెండర్ అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్ల పరీక్షే అందులో లేదు.

కోడ్ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, ఈ వారమే కాగితం మీద గీసిన స్క్రీన్లతో ఇద్దరు ముగ్గురితో మొదలెట్టండి. రికార్డింగులు రివ్యూకి ముందే నాకు పంపు, ఆదివారం ఫోన్ చేస్తాను, కూర్చుని చూద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య