పాఠకుల ప్రశ్నలు: అరకు మట్టిదారుల్లో సైకిలు

ప్రశ్న: నేను గాజువాకలో ఉంటాను. రెండేళ్ళుగా గ్రావెల్ సైకిలు (మట్టి, కంకర దారులకు పనికివచ్చే సైకిలు) తొక్కుతున్నాను. ఆదివారాల్లో భీమిలి దాకా వెళ్ళి, ఆ చుట్టుపక్కల మట్టిదారుల్లో తిరిగి రావడం అలవాటు. డిసెంబరు మొదటి వారంలో నేనూ నా మిత్రుడూ అరకు ప్రాంతంలో మూడు రోజులు తిరగాలనుకుంటున్నాము. ఆ కొండలు మా ఇద్దరికీ కొత్త. ఫోనులోని యాప్ రోజుకు 90 కిలోమీటర్ల దూరం, 1,900 మీటర్ల ఎక్కుడు ఉండేలా దారి గీసి ఇచ్చింది. మైదానంలో 90 కిలోమీటర్లు మాకు కష్టం కాదు. ఈ ప్రణాళిక సరైనదేనా?

జవాబు: కాదు. కొండల్లో రోజును కిలోమీటర్లతో కాకుండా గంటలతో కొలవాలి. స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ 1892లో కొండ నడకకు ఒక లెక్క చెప్పాడు: గంటకు మూడు మైళ్ళు, దానిపైన ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకు మరొక గంట. అంటే 100 మీటర్లు ఎక్కడానికి సుమారు పది నిమిషాలు అదనం. అది నడకకు చెప్పిన లెక్కే అయినా, ఎక్కుడుకు సంబంధించిన భాగం సామాను కట్టిన సైకిలుకు కూడా చాలావరకు సరిపోతుందని నా అనుభవం. మట్టిదారిలో గంటకు 15 కిలోమీటర్లు వేసుకుంటే మీ 90 కిలోమీటర్లకు ఆరు గంటలు, 1,900 మీటర్లకు మరో మూడు గంటల పది నిమిషాలు పడతాయి. భోజనం, పంక్చర్లు, దారి వెతుక్కోవడం, ఫొటోలు కలిపి మరో రెండు గంటలు వేసుకుంటే పదకొండు గంటలు దాటుతుంది. డిసెంబరు మొదట్లో అక్కడ పగలు ఉండేదే దాదాపు పదకొండు గంటలు, సాయంత్రం 5.20 ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు, లోయల్లో ఎండ అంతకు ముందే పోతుంది, ఉదయం మంచు విడేదాకా ముందున్న మలుపు కనిపించదు. కాబట్టి రోజుకు 45 కిలోమీటర్లు, 900 మీటర్లు చాలు. మిగిలిన సమయం వలిసె పూల చేలు చూడటానికి పనికివస్తుంది.

శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా ఘాట్ రోడ్డు తొక్కుతూ ఎక్కాలన్న ఉత్సాహం ఉంటే దానిని వేరొక ప్రయాణానికి దాచుకోండి. అది పూర్తిగా తారు రోడ్డు, పైగా సెలవుల్లో పర్యాటకుల కార్లు, బస్సులతో నిండి ఉంటుంది. వెయ్యి మీటర్లకు పైగా ఎక్కిన కాళ్ళతో మరునాడు మట్టిదారిలోకి దిగడం తెలివైన పని కాదు. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఉన్నది మీవంటి వారి కోసమే అనిపిస్తుంది. ఉదయం విశాఖలో బయలుదేరే కిరండూల్ ప్యాసింజరులో సైకిళ్ళను లగేజీగా బుక్ చేసుకుని, 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న అరకులో దిగండి. ముందురోజే స్టేషనుకు వెళ్ళి, సైకిలును ఎక్కడ ఎక్కిస్తారో కనుక్కోవడం మంచిది.

మూడు రోజులూ అరకులోనే బస చేసి, రోజుకొక దిక్కుకు వెళ్ళి రండి. దారి ఎంచుకునేటప్పుడు ఒక్క నియమం తప్పకుండా పాటించండి: తెలియని మట్టిదారిని ఎక్కుతూ మొదలుపెట్టి, తెలిసిన తారు రోడ్డు మీదుగా దిగి రావాలి. ఎక్కేటప్పుడు దారి చెడిపోతే వెనక్కి తిరిగి దిగిపోవడం సులభం. దిగేటప్పుడు చెడిపోతే దిగిన కొండనంతా మళ్ళీ ఎక్కాలి. ఒకసారి కాఫీ తోటల మధ్య నుంచి హుషారుగా నాలుగు కిలోమీటర్లు దిగిన తరువాత, అడుగున కల్వర్టు లేని గెడ్డ (వాగు) ఎదురై, సైకిలును రెండు గంటలు నెట్టుకుంటూ పైకి వచ్చినప్పటి నుంచి నేను ఈ నియమం తప్పలేదు. పాడేరు వైపు చాపరాయి మీదుగా వెళ్ళే రోడ్డును వెన్నెముకగా ఉంచుకుని, దాని నుంచి చీలే దారులను ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తే, ఎక్కడ ఆగిపోయినా గంటలోపు బస్సు తిరిగే రోడ్డుకు చేరవచ్చు.

యాప్ గీసిన దారిని ఇంట్లోనే ఉపగ్రహ చిత్రంతో పోల్చి చూడండి. చాలా యాప్‌లకు ఆధారమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మారుమూల దారులను స్వచ్ఛంద కార్యకర్తలు తరచు ఉపగ్రహ చిత్రాన్ని చూసి గీస్తారు. పైనుంచి కాలిబాట, ఎండిన గెడ్డ, బండిదారి ఒకేలా కనిపించవచ్చు. మరొకవైపు, మట్టిదారిగా గుర్తించినది ఈలోపు గ్రామ సడక్ యోజన కింద తారు రోడ్డో సీసీ రోడ్డో అయి ఉండవచ్చు. వాలు తెలుసుకోవడానికి సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటాలు నాకు ఇప్పటికీ ఇష్టం. వాటిలో కాంటూరు రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు, పటం మీద ఒక సెంటీమీటరంటే నేల మీద 500 మీటర్లు. దారి ఒక సెంటీమీటరులో మూడు రేఖలను దాటితే 12 శాతం వాలు. ఐదు దాటితే 20 శాతం, అక్కడ సైకిలు దిగి నడవవలసిందే.

ఇవన్నీ చూసుకున్నా చివరి మాట ఊరివారిదే. అయితే “ఎంత దూరం?” అని అడగకండి, “దగ్గరే” అన్న జవాబు వస్తుంది, రోజూ నడిచేవారికి అది నిజంగా దగ్గరే. “ఈ దారిన జీపు వెళ్తుందా, ఆటో వెళ్తుందా, బండి మాత్రమేనా?” అని అడగండి. సంతరోజు జనంతో నిండిన జీపు ఎక్కే దారి మీకు హాయిగా ఉంటుంది. మోటారుసైకిలు మాత్రమే వెళ్ళే దారిలో సగం నెట్టుడే. రిజర్వు ఫారెస్టులోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళవద్దు, ఒడిశా సరిహద్దు వైపు వెళ్ళే ముందు స్థానికులను విచారించండి. ఫోను సిగ్నలు చాలాచోట్ల అందదు కనుక పటాన్ని ముందే దించుకుని, ఏ దారిన వెళ్తున్నారో బసలో చెప్పి బయలుదేరండి. ముందురోజు వాన పడితే ఎర్రమట్టి దారులు మానుకోవాలి. ఆ బంక చక్రానికీ ఫ్రేముకూ మధ్య చేరితే చక్రం కదలదు.

ప్రశ్న: ఒకే దారికి ఒక యాప్ 1,450 మీటర్లు, ఇంకొకటి 1,900 మీటర్ల ఎక్కుడు చూపుతున్నాయి. ఏది నమ్మాలి?

జవాబు: ప్రణాళికకు పెద్ద అంకెను తీసుకోండి. చాలా యాప్‌ల ఎత్తుల లెక్కకు మూలం 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన కొలతలు. వాటిలో నేలను సుమారు 30 మీటర్ల గడులుగా విభజించారు. కొండ పక్కను కోసి వేసిన దారిలో ఒకే గడిలోకి దారి, పైనున్న గట్టు, కిందనున్న లోయ కూడా వస్తాయి. గీసిన గీత కొంచెం పక్కకు జరిగినా లేని ఎత్తుపల్లాలు పుడతాయి, చెట్ల గుబురు కూడా నేల ఎత్తును పెంచి చూపుతుంది. ఈ గరుకుదనాన్ని ఒక యాప్ ఎక్కువగా, మరొకటి తక్కువగా చదును చేస్తుంది కాబట్టి తేడా వస్తుంది. ఎక్కువ చదును చేస్తే నిజమైన చిన్న మిట్టలు కూడా మాయమవుతాయి, కాళ్ళను అలసిపోయేలా చేసేవి అవే.

ప్రశ్న: నా సైకిలుకు ముందు, పెడళ్ళ దగ్గర, 40 పళ్ళ చైన్‌రింగ్ ఒక్కటే ఉంది, వెనుక చక్రానికున్న క్యాసెట్‌లో (పళ్ళచక్రాల వరుసలో) పెద్దది 42 పళ్ళది. మార్చాలా?

జవాబు: వీలైతే ముందు 36 పళ్ళది వేయించుకోండి. ఇప్పుడున్న దానితో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే వేగం గంటకు సుమారు 7.5 కిలోమీటర్లు. పది శాతం వాలులో అది గంటకు 750 మీటర్లు ఎక్కడంతో సమానం, సామానుతో సామాన్య సైక్లిస్టు అంత వేగంతో ఎక్కువసేపు ఎక్కలేడు. మార్చడం కుదరకపోతే సామాను తగ్గించండి, అయితే నీళ్ళు మాత్రం మూడు లీటర్ల కంటే తగ్గించవద్దు.