మొదటి రీసెర్చ్ పేపర్ ఎలా రాయాలి? డబ్బు కడితే వారంలో వేస్తామనే జర్నల్‌కి పంపవచ్చా?

పీహెచ్‌డీ రెండో సంవత్సరం, డేటా చేతిలో ఉంది, గైడ్ గారు "రాసి తీసుకురా, చూద్దాం" అంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, ఈలోగా వాట్సాప్ గ్రూపులో "ఏడు రోజుల్లో పబ్లికేషన్ గ్యారంటీ" అని మెసేజ్ వచ్చింది, కట్టేయమంటారా అని అడిగారు. కట్టొద్దు. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు రాయడం సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది ఆ మెసేజ్‌ల వైపు వెళ్లేది డబ్బు ఎక్కువై కాదు, తమ పేపర్ మంచి జర్నల్‌లో నిలబడుతుందన్న నమ్మకం లేక.

నాది పర్యావరణ రసాయన శాస్త్రం. నల్గొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పని చేశాను కాబట్టి ఉదాహరణలు అక్కడి నుంచే వస్తాయి, మీ సబ్జెక్ట్‌కి మీరు మార్చుకోండి.

"నల్గొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్: ఒక అధ్యయనం" అని టైటిల్ పెట్టి పంపారనుకోండి. ఎడిటర్ దాన్ని రివ్యూయర్ (పేపర్‌ని పరిశీలించే నిపుణుడు) దాకా కూడా వెళ్లనివ్వడు. ఈ విషయం మీద పేపర్లు కుప్పలుగా ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి షార్ట్, ఆయన సహచరులు 1937లోనే ప్రచురించారు, నీటి నుంచి ఫ్లోరైడ్ తీసే "నల్గొండ టెక్నిక్" వచ్చి కూడా దశాబ్దాలైంది. ఇంకో నాలుగు మండలాల్లో సాంపిళ్లు తీసి, ఇన్ని బోర్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది అని చెప్తే చదివేవాడు "అయితే ఏంటి?" అంటాడు. ఆ "అయితే ఏంటి"కి మీ దగ్గర జవాబు లేకపోతే రాయడం మొదలుపెట్టకండి. డేటా ఉండటం వేరు, పేపర్ ఉండటం వేరు.

మరి ప్రశ్న ఎలా ఉండాలి? ఒకే ఊళ్లో రెండు బోర్లు, మధ్యలో ఒక్క వీధి, ఒకదాంట్లో ఫ్లోరైడ్ ఒకటి లోపు, రెండోదాంట్లో నాలుగు. ఎందుకు? ఇది ప్రశ్న. కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్, సోడియం ఎక్కువగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని, కాల్షియం ఉంటే అది కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు చేరుతుందని పుస్తకాల్లోనే ఉంది కాబట్టి అక్కడితో ఆగినా లాభం లేదు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక తీసిన చెరువు కింద ఉన్న బోర్లలో ఫ్లోరైడ్ తగ్గిందా, తీయని చెరువు కింద ఎలా ఉంది, వానల ముందు, వానల తర్వాత తేడా ఎంత? ఇలా అడిగితే అవే సాంపిళ్లు, అదే ల్యాబ్, అయినా పేపర్ వేరే స్థాయికి వెళ్తుంది. ఇంకో మంచి సంగతి, "తగ్గలేదు" అని తేలినా అదీ జవాబే.

ఆ జవాబును ముందు తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పి చూడండి. హాస్టల్ రూమ్మేట్ తెలుగు సాహిత్యం చదివే మనిషైతే ఇంకా మంచిది, అతనికి అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు పేపర్ ఉన్నట్టు. మనలో చాలామందికి ఇంగ్లీషు రాదని భయం, కానీ నేను చూసినంతలో అసలు ఇబ్బంది ఇంగ్లీషు కాదు, చెప్పాల్సింది ఏమిటో తేలకుండానే ఇంగ్లీషులో కూర్చోవడం. అలా కూర్చున్నప్పుడే పక్క పేపర్లోంచి వాక్యాలు అరువు తెచ్చుకుంటాం, నాలుగు పదాలు మారుస్తాం, చివరికి ప్లేజియరిజం రిపోర్ట్ చూసి టెన్షన్ పడతాం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40 శాతం మధ్య అయితే థీసిస్ సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అలాగని 9 శాతం వచ్చిందని పండగ చేసుకోవడమూ తప్పే. ఆ 9 శాతం మొత్తం మీ డిస్కషన్‌లోనే ఉంటే జర్నల్ ఎడిటర్ ఊరుకోడు.

రాసే వరుస గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిది: ఇంట్రడక్షన్‌తో మొదలుపెట్టే స్కాలర్ నెల తర్వాత కూడా ఇంట్రడక్షన్‌లోనే ఉంటాడు. ముందు బొమ్మలు, టేబుళ్లు తయారుచేయండి. ప్రింట్ తీసి నేల మీద పరచండి, వాటిని ఏ వరుసలో పెడితే కథ నడుస్తుందో చూడండి, కథకు పనికిరానిది ఎంత కష్టపడి సంపాదించిందైనా పక్కన పెట్టండి (ఇక్కడే అందరికీ ప్రాణం పోతుంది, ఎండలో తిరిగి తెచ్చిన సాంపిళ్లు కదా). అది థీసిస్‌లో పెట్టుకోవచ్చు, పేపర్‌లో అవసరం లేదు. తర్వాత మెథడ్స్, తర్వాత రిజల్ట్స్, డిస్కషన్, ఆ తర్వాతే ఇంట్రడక్షన్, అన్నిటికన్నా చివర అబ్‌స్ట్రాక్ట్, టైటిల్. మీరు ఏ జవాబు చెప్పారో తెలిశాక ప్రశ్నను ఎలా పరిచయం చేయాలో సులువుగా తెలుస్తుంది.

మెథడ్స్‌ని తేలిగ్గా తీసుకోకండి. "ప్రామాణిక పద్ధతుల్లో విశ్లేషించాము" అని ఒక్క లైన్ రాసి వదిలేసేవాళ్లు ఎక్కువ. మా రంగంలో రివ్యూయర్ మొట్టమొదట చూసేది అయాన్ బ్యాలెన్స్. నీటిలో ధనావేశం ఎంతో రుణావేశం అంత ఉండాలి, మీ అంకెల్లో ఆ తేడా సుమారు 5 శాతం లోపు ఉంటే ల్యాబ్ పని నమ్మొచ్చు, 20 శాతం ఉంటే మిగతా పేపర్ చదవడు. సాంపిల్ గాజు సీసాలో తెచ్చారా ప్లాస్టిక్ సీసాలోనా, బోరును ఎంతసేపు నడిపించాక పట్టారు, ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు ఏ బఫర్ కలిపారు, బ్లాంక్ (ఫ్లోరైడ్ లేని నీళ్లతో పోల్చి చూసే కొలత) పెట్టారా, ఒకే సాంపిల్‌ని రెండుసార్లు కొలిస్తే ఎంత తేడా వచ్చింది, ఇవన్నీ రాయండి. మీ రంగంలోనూ ఇలాంటి ఒక తనిఖీ తప్పకుండా ఉంటుంది, అదేమిటో సీనియర్లను అడిగి తెలుసుకుని రివ్యూయర్ అడగకముందే పేపర్‌లో పెట్టేయండి.

మెథడ్‌కి ఎంత విలువ ఉంటుందో చూడాలంటే మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారినే చూడండి. ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి మీద జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో పేపర్ వేశారు, ఇప్పటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులకు అది "ఫిస్కే-సుబ్బారో పద్ధతి"గానే తెలుసు. 1951లో లౌరీ ప్రోటీన్ కొలతకు ఇచ్చిన పద్ధతి పేపర్‌ని 3 లక్షలకు పైగా పేపర్లు ఉదహరించాయి. రెండూ ఎవరైనా చదివి తమ ల్యాబ్‌లో చేసి చూడగలిగే పేపర్లు.

రిజల్ట్స్‌లో టేబుల్‌ని మళ్లీ వాక్యాల్లో చదివి వినిపించకండి. టేబుల్ వాళ్లకీ కనిపిస్తుంది, అందులో ఏం గమనించాలో చెప్పండి చాలు. డిస్కషన్‌లో రెండు అంకెలు కలిసి పెరిగితే ఒకటి రెండోదానికి కారణం అని తేల్చేయకండి. మీ జవాబు ఎక్కడ పనిచేయదో మీరే ఒక పేరాలో రాసేస్తే రివ్యూయర్‌కి అనుమానం తగ్గుతుంది.

పేర్ల విషయం పేపర్ పూర్తయ్యాక కాదు, మొదట్లోనే మాట్లాడుకోండి. ఎవరు ఫస్ట్ ఆథర్, ఎవరు కరస్పాండింగ్ (జర్నల్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు చూసేవారు), ల్యాబ్‌లో సాంపిళ్లు రన్ చేసిన జూనియర్ పేరు ఉంటుందా, డిపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ల పేరు ఊరికే పెట్టాలా. గైడ్‌తో ఇది మాట్లాడటం కష్టమే, నాకు తెలుసు. "సార్, జర్నల్ వాళ్లు ఎవరెవరు ఏం చేశారో రాయమంటున్నారు, ఎలా రాయమంటారు?" అని అడిగితే గొడవ లేకుండా విషయం బయటికి వస్తుంది, నిజంగానే ఇప్పుడు చాలా జర్నల్స్ అది అడుగుతున్నాయి. ఇంగ్లీషు సరిచేయడానికి చాట్‌జీపీటీ లాంటిది వాడితే అదీ జర్నల్ నియమం చూసి ప్రకటించండి, దాని పేరు మాత్రం ఆథర్‌గా పెట్టలేరు.

ఇప్పుడు జర్నల్. మీ పేపర్ చివరి రిఫరెన్సులు చూడండి, ఏ రెండు మూడు జర్నల్స్ పేర్లు ఎక్కువసార్లు వస్తున్నాయి? మీ పాఠకులు అక్కడ ఉన్నారు. ఆ జర్నల్‌లో గత రెండేళ్ల సంచికలు తిరగేసి మీలాంటి పేపర్లు వేస్తున్నారో లేదో చూడండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉదహరిస్తున్నారో చెప్పే అంకె) దాని తర్వాతి మాట. చదవడానికి డబ్బు అడ్డమైతే, మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయం అయితే, 2025 జనవరి నుంచి "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" కింద సుమారు 13 వేల జర్నల్స్ చూసే వీలుంది. లైబ్రరీలో అడగండి, చాలామంది స్కాలర్లకు ఇది ఉందనే తెలియదు.

ప్రచురణకు డబ్బు తప్పనిసరి అన్నది అపోహ. చదువరుల దగ్గర చందా తీసుకునే జర్నల్స్ చాలావరకు ఆథర్ నుంచి ఏమీ తీసుకోవు. 1932 నుంచి వస్తున్న కరెంట్ సైన్స్ ఉంది, బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జర్నల్స్ ఉన్నాయి, మీ పని భారతదేశానికి సంబంధించినదైతే ఇవి చిన్నచూపు చూడాల్సినవి కావు. మరోవైపు డబ్బు తీసుకున్నంత మాత్రాన దొంగ జర్నల్ కాదు, ఫీజు తీసుకుని కూడా గట్టిగా రివ్యూ చేసే ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నల్స్ ఉన్నాయి. తేడా ఎక్కడంటే, దొంగది మీ పేపర్ చదవకుండానే తీసుకుంటుంది. ఇద్దరు ముగ్గురు నిపుణులు ఖాళీ చేసుకుని చదివి కామెంట్స్ రాయడానికి వారం సరిపోదు, కాబట్టి "ఏడు రోజుల్లో గ్యారంటీ" అన్నమాటే వాళ్లు చదవరని ఒప్పుకోవడం.

"యూజీసీ అప్రూవ్డ్" అని మెసేజ్‌లో ఉంటే ఇంకా జాగ్రత్త. 2018లో యూజీసీ తన జాబితా నుంచి ఒకేసారి 4,305 జర్నల్స్ తీసేసింది, తర్వాత తెచ్చిన కేర్ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. అంటే ఇప్పుడు ఆ ముద్ర చూపించి అమ్మేవాడు లేని సరుకు అమ్ముతున్నాడు. "స్కోపస్ ఇండెక్స్‌డ్" (స్కోపస్ అనే పరిశోధనా డేటాబేస్‌లో నమోదైంది) అన్నా స్కోపస్ సొంత సైట్‌లోకి వెళ్లి జర్నల్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌ఎస్‌ఎన్ నంబర్‌తో వెతకండి, వాళ్లు పంపిన లింక్ నొక్కకండి, ఎందుకంటే నిజమైన జర్నల్ పేరుతో నకిలీ సైట్లు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇది ఎక్కడో విదేశాల గొడవ కాదు: హైదరాబాద్‌లో ఉన్న ఒక ప్రచురణ సంస్థ మీద, రివ్యూ చేస్తామని చెప్పి పరిశోధకులను మోసగించినందుకు 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. పెద్ద పేర్లున్నా గుడ్డిగా నమ్మలేం, హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నల్స్ నుంచి 2023 ఒక్క సంవత్సరంలోనే 8 వేలకు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు.

ఇంకో మాట, 2022 యూజీసీ నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు లేదు. మీ విశ్వవిద్యాలయం సొంత నియమం పెట్టుకుని ఉండొచ్చు, ఆ ఆర్డినెన్స్ కాగితం తెచ్చుకుని చదవండి. సీనియర్ చెప్పాడని హడావిడి పడి ఎక్కడో వేయించుకునేవాళ్లలో సగం మంది ఆ కాగితం చూసినవాళ్లు కారు.

పంపాక రిజెక్ట్ వస్తుంది. రివ్యూకి వెళ్లకుండానే తిప్పి పంపితే చాలావరకు అది జర్నల్ ఎంపిక సమస్య, ఆ వారమే ఇంకో జర్నల్ ఫార్మాట్‌లోకి మార్చి పంపేయండి. రివ్యూయర్ కామెంట్స్‌తో వస్తే, మేజర్ రివిజన్ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపండి) అని ఉంటే, దిగులు పడకండి, వాళ్లు ఇంకా తలుపు వేయలేదు. మొదటి రోజు జవాబు రాయకండి, చదివి పక్కన పెట్టండి, కోపం దిగాక కూర్చోండి. ప్రతి కామెంట్ కింద మీ జవాబు, పేపర్‌లో ఎక్కడ మార్చారో పేజీ, లైన్ నంబర్. "రివ్యూయర్‌కి అర్థం కాలేదు" అనిపిస్తే మీ వాక్యం మళ్లీ చూడండి, చాలాసార్లు అక్కడే తికమక ఉంటుంది. ఒప్పుకోలేని కామెంట్ ఉంటే ఒప్పుకోవద్దు. ఒకసారి నా పేపర్‌కి ఒక రివ్యూయర్ ఇంకో మూడు సీజన్ల డేటా కావాలన్నారు. అది కుదరదని, ఉన్న రెండు సీజన్లతో ఏ జవాబు చెప్పగలమో ఏది చెప్పలేమో వివరించి, ఒక గట్టి వాక్యాన్ని మెత్తబరిచాం, ఎడిటర్ ఒప్పుకున్నారు. సంబంధం లేని తన పేపర్లు నాలుగు ఉదహరించమనే రివ్యూయర్ కూడా తగులుతాడు, పనికొచ్చేది ఉంటే పెట్టండి, లేకపోతే మర్యాదగా ఎందుకు పెట్టలేదో ఎడిటర్‌కి రాయండి.

మూడు నెలలు దాటినా కబురు లేకపోతే ఎడిటర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టొచ్చు, అందులో తప్పేం లేదు. కానీ ఆగలేక అదే పేపర్‌ని ఇంకో చోటికి కూడా పంపకండి, దొరికితే రెండు చోట్లా పోతుంది.

ఒకవేళ ఆ వాట్సాప్ జర్నల్‌కి ఇప్పటికే పంపేసి ఉంటే డబ్బు కట్టకండి, కాపీరైట్ ఫారం సంతకం చేయకండి, పేపర్ ఉపసంహరించుకుంటున్నామని ఈరోజే మెయిల్ పెట్టి దాని కాపీ గైడ్‌కి పంపండి. ఉపసంహరణకు కూడా ఫీజు కట్టమని బెదిరిస్తారు, జవాబు ఇవ్వకండి, ఆ మెయిల్స్ అన్నీ దాచుకోండి. తర్వాత మంచి జర్నల్‌కి పంపేటప్పుడు కవర్ లెటర్‌లో జరిగింది రెండు వాక్యాల్లో చెప్పండి, ముందే చెప్తే ఎడిటర్లు అర్థం చేసుకుంటారు.